ఇంట్లోనే లోహపు భాగాలకు మెరుగు పెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ కవర్లు, స్కూటర్ భాగాలు, ఇత్తడి గొళ్ళేలు, కుళాయిలు, స్టీలు పట్టీలు వంటివాటిని ఇంట్లోనే అద్దంలా మెరిపించాలనుకునే వారి కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఉదాహరణలు ఎక్కువగా అల్యూమినియం ఇంజిన్ కవర్ల నుంచే తీసుకున్నాను. కొత్తగా నేర్చుకునేవారికి అంతకంటే మంచి లోహం లేదు. మెత్తగా ఉంటుంది, ఫలితం త్వరగా చూపిస్తుంది, తప్పు చేస్తే అది కూడా వెంటనే కనిపిస్తుంది.

పాలిష్ రాసి రుద్దితే మెరుపు రాదా? ఇంత గరుకు కాగితం పని ఎందుకు?

కొత్తవారిలో ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. మెరుపు డబ్బాలో ఉండదు. లోహం ఉపరితలం ఎంత చదునుగా ఉంటే అంత మెరుస్తుంది. గీతలు, గుంటలు ఉన్నచోట పడిన కాంతి నలుదిక్కులా చెదిరిపోతుంది, అందుకే ఆ లోహం మసకగా, తెల్లగా కనిపిస్తుంది. ఆ గీతలు కాంతి తరంగాల కంటే చిన్నవైనప్పుడే కాంతి ఒకే దిశలో తిరిగి వస్తుంది, అప్పుడే మన ముఖం అందులో కనిపిస్తుంది. కంటికి కనిపించే కాంతి తరంగాల పొడవు సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గరుకు కాగితం నంబరు పెరిగినకొద్దీ దాని మీది రవ సన్నబడుతుంది. 400 నంబరు కాగితం మీది రవ పరిమాణం దాదాపు 35 మైక్రాన్లు. 2000 నంబరు కాగితం రవ కూడా 10 మైక్రాన్ల వరకు ఉంటుంది. కాగితంతోనే అద్దం ఎందుకు రాదో, చివర్లో పాలిష్ ఎందుకు కావాలో ఈ లెక్కతో తేలిపోతుంది. పాలిష్ ఒక్కటే ఎందుకు చాలదో కూడా ఇదే చెబుతుంది. పాలిష్‌లోని పొడి ఎంతో సన్నం, అది చాలా చిన్న గీతలనే తీయగలదు. 240 నంబరు కాగితం చేసిన గీతను పాలిష్‌తో తీయాలని చూస్తే గీత పోదు, దాని అంచులు గుండ్రబడి మెరుస్తాయి. మెరిసే గీత మామూలు గీతకంటే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

పనిలో తొంభై పాళ్ళు కాగితానివే. పాలిష్ దగ్గరికి వచ్చేసరికి ఫలితం ఎలా ఉండబోతోందో చాలావరకు తేలిపోయి ఉంటుంది.

నా చేతిలో ఉన్నది ఏ లోహమో ఎలా తెలుస్తుంది?

ముందుగా అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అంటుకుంటే లోపల ఇనుమో ఉక్కో ఉంది. పైకి ఇత్తడిలా, వెండిలా కనిపించినా అది పూత మాత్రమే. బజారులో దొరికే కొన్ని 'ఇత్తడి' దీపపు కుందులు, గొళ్ళేలు ఈ పరీక్షలోనే బయటపడతాయి. వంటింటి స్టీలులో మాత్రం రెండు రకాలూ ఉంటాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం దాదాపు అంటుకోదు, 430 రకానికి అంటుకుంటుంది.

తర్వాత ఎవరికీ కనిపించని చోట 1000 నంబరు వాటర్ పేపరును (నీళ్ళలో తడిపి వాడే గరుకు కాగితాన్ని) తడిపి నాలుగుసార్లు రుద్దండి. కాగితం మీద బూడిద రంగు ముద్ద వస్తే అల్యూమినియం, పసుపు ఛాయ వస్తే ఇత్తడి. దాదాపు ఏ రంగూ అంటకుండా కాగితం జారిపోతుంటే క్రోమ్ పూత గానీ స్టీలు గానీ అయి ఉంటుంది. రుద్దగా రుద్దగా అడుగున ఎర్రటి రాగి రంగు కనిపిస్తే వెంటనే ఆపండి, అది పూత వేసిన వస్తువు.

పాత మోటార్‌సైకిల్ కవర్ల మీద కర్మాగారంలోనే లక్కర్ (వార్నిష్ లాంటి పారదర్శకమైన పూత) కొట్టి ఉండవచ్చు. పసుపుబారిన పొర అక్కడక్కడా పెచ్చులుగా లేస్తుంటే అదే లక్కర్. కాగితం పట్టకముందే పెయింట్ రిమూవర్‌తో దాన్ని పూర్తిగా తీసేయాలి. లేకపోతే కాగితం దానితోనే నిండిపోతుంది.

వేటికి మెరుగు పెట్టకూడదు?

ఈ జవాబును తొందరపడి దాటేయవద్దు. ఒకసారి అరగదీసిన లోహం మళ్ళీ రాదు.

బ్రేకు డిస్కు మీద ప్యాడ్ రాసుకునే భాగాన్ని ముట్టుకోవద్దు. పాలిష్ బార్లలో, అంటే మెరుగు పెట్టే గట్టి కడ్డీలలో, కొవ్వు, మైనం ఉంటాయి. అవి ప్యాడ్‌కు అంటితే బ్రేకు పట్టదు. ముందు ఫోర్కుల గొట్టాల మీది గట్టి క్రోమ్‌కు కాగితం పెట్టవద్దు, ఆయిల్ సీళ్ళు పాడవుతాయి. ఇంజిన్ కవర్ లోపలివైపు గ్యాస్కెట్ కూర్చునే అంచును అస్సలు రుద్దవద్దు, చదును తప్పితే ఆయిల్ కారుతుంది. రంగు వేసిన యానోడైజ్డ్ అల్యూమినియాన్ని రుద్దితే రంగు పోతుంది. ఆ రంగు ఉండేది లోహం మీద కొన్ని మైక్రాన్ల మందం ఉన్న ఆక్సైడ్ పొరలోనే. దాన్ని కాస్టిక్ సోడాతో తీసే పద్ధతి ఒకటుంది, ఇంట్లో చేయమని మాత్రం నేను చెప్పను. కాస్టిక్ సోడా అల్యూమినియంతో కలిస్తే వేడి పుడుతుంది, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, ఆ ద్రవం చిందితే కళ్ళు పోతాయి.

ఇక బిద్రీ వస్తువులు. వాటి నల్లదనం మురికి కాదు, అదే ఆ కళ. ఎక్కువ పాళ్ళు జింకు, కొద్దిగా రాగి ఉన్న పోత మీద వెండి పొదిగి, నవసాగరం కలిపిన ప్రత్యేకమైన మట్టితో ఆ నలుపు తెప్పిస్తారు. ఇత్తడి పాలిష్‌తో రుద్దితే అది చెదిరిపోతుంది. హైదరాబాద్‌లో చాలా ఇళ్ళలో పెద్దల నాటి బిద్రీ పూలకుండీలు, పెట్టెలు ఉంటాయి. వాటిని మెత్తని పొడి గుడ్డతో తుడిస్తే చాలు. పాత నాణేలకు, పూజలో ఉన్న పాత పంచలోహ విగ్రహాలకు, చెక్కడపు పని సన్నగా ఉన్న వస్తువులకు కూడా రవ ఉన్న పాలిష్ తగదు. పెంబర్తి వంటి చోట్ల చేతి పనితో తయారయ్యే ఇత్తడి రేకు బొమ్మల మీది సన్నని గీతలు పదేపదే రుద్దితే కరిగిపోతాయి. లోపల కళాయి పూసిన ఇత్తడి గిన్నెలను లోపలివైపు రుద్దవద్దు. అక్కడి తెల్లదనం తగరం. అది అరిగిపోతే పులుపు వండినప్పుడు ఇత్తడి తగులుతుంది.

మొదలుపెట్టడానికి ఏమేం కావాలి?

వాటర్ పేపర్లు 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్లలో రెండేసి. చేతికి ఇమిడే రబ్బరు దిమ్మ ఒకటి. నీళ్ళ బకెట్, రెండు చుక్కల గిన్నెల సబ్బు. మంచి లోహపు పాలిష్ పేస్టు ఒక ట్యూబు. పాత నూలు బనియన్లు. కళ్ళకు రక్షణ అద్దాలు, ఎన్95 మాస్కు. గుడ్డ చక్రాన్ని తిప్పే యంత్రం తర్వాత చూసుకోవచ్చు.

కాగితం ఎక్కడ కొనాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో ఉప్పు కాగితం అంటే చెక్కకు వాడేది ఇస్తారు, అది నీళ్ళలో నాని విడిపోతుంది. కార్లకు రంగులు అమ్మే దుకాణానికి వెళ్ళి వాటర్ పేపర్ అని అడగండి. సన్నని నంబర్లన్నీ అక్కడే దొరుకుతాయి.

యంత్రం లేకుండా చేత్తో అద్దం తేవచ్చా?

తప్పకుండా తేవచ్చు. అరచేయంత అల్యూమినియం కవర్‌కు ఒక పూట పడుతుంది, ఓపిక ఉంటే చాలు. నన్నడిగితే మొదటి వస్తువును చేత్తోనే చేయాలి. చేత్తో చేసినవారికి ఏ నంబరు కాగితం ఎంత కోస్తుందో వేళ్ళకు తెలుస్తుంది. యంత్రంతో మొదలుపెట్టినవారికి ఆ తెలివి రాదు, పైగా యంత్రం తప్పును కూడా వేగంగానే చేస్తుంది.

కాగితం ఏ నంబరుతో మొదలుపెట్టాలి? ఏ క్రమంలో వెళ్ళాలి?

లోతైన గీతను తీయగలిగే అతి సన్నని కాగితంతో మొదలుపెట్టాలి. పైపై మసక మాత్రమే ఉన్న కవర్‌కు 600 చాలు. గోరుతో తడిమితే తగిలే గీతలుంటే 240. పోత గరుకు ఇంకా అలాగే ఉన్నా, కింద పడి రాపిడి తగిలినా 120 వరకు దిగాల్సి రావచ్చు. ముందు 800తో ఒక చిన్న చోట ప్రయత్నించండి. రెండు నిమిషాల్లో గీతలు పోకపోతే ఒక మెట్టు కిందికి రండి. కింది నుంచి పైకి వెళ్ళడం కంటే ఈ పద్ధతే నయం. అవసరం లేని లోతైన గీతలను మీ చేత్తో మీరే పెట్టుకోరు.

ఇక క్రమం: 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000. మధ్యలో ఒక మెట్టు దాటవేస్తే సమయం కలిసివస్తుందనిపిస్తుంది, నిజానికి రెట్టింపు పడుతుంది. ప్రతి కాగితానికీ ఉన్న పని ఒక్కటే, తన ముందు కాగితం చేసిన గీతలను తీసేయడం. 240 నుంచి నేరుగా 800కు వెళ్తే ఆ 800 కాగితం తన శక్తికి మించిన గీతలతో కుస్తీ పడుతుంది. మీరు అలసిపోయి చాలనుకుంటారు. ఆ గీతలన్నీ చివరి మెరుపులో బయటపడతాయి.

నంబరు మారిన ప్రతిసారీ రుద్దే దిశ మార్చండి. 240తో అడ్డంగా రుద్దితే 320తో నిలువుగా, 400తో మళ్ళీ అడ్డంగా. అప్పుడు పాత గీతలు కొత్త గీతలకు అడ్డంగా నిలబడి స్పష్టంగా కనిపిస్తాయి. గుండ్రంగా తిప్పుతూ రుద్దితే పాతవేవో కొత్తవేవో తేలదు. పాత గీత ఒక్కటి కూడా మిగలకుండా పోయాక, అదే దిశలో ఇంకాస్త రుద్దండి. పైన గీత మాయమైనా దాని అడుగున నలిగిన లోహం ఉంటుంది, అదీ పోవాలి.

చదునైన చోట కాగితాన్ని రబ్బరు దిమ్మకు చుట్టే వాడండి. వేళ్ళతో నొక్కితే వేలి కింద లోతు, వేళ్ళ మధ్య మిట్ట ఏర్పడతాయి. మసకగా ఉన్నప్పుడు అవి తెలియవు. మెరుపు వచ్చాక అందులో ట్యూబ్‌లైటు ప్రతిబింబం వంకరలు పోతుంది. వంపుల్లో, మూలల్లో మాత్రం వేళ్ళు తప్పవు. పదునైన అంచుల దగ్గర చేయి తేలికగా ఉంచండి. కవర్ మీద కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటే దాని చుట్టూ ఇంకా జాగ్రత్త అవసరం. అరిగిన అంచు ఆ వస్తువు రూపాన్నే మార్చేస్తుంది.

కాగితాన్ని తడిగా వాడండి. నీళ్ళలో ఒక సబ్బు చుక్క వేస్తే కాగితం జిడ్డుకట్టదు, ధూళి లేవదు. నంబరు మార్చేటప్పుడు వస్తువును, దిమ్మను, చేతులను కడుక్కుని, బకెట్‌లో నీళ్ళు మార్చండి. పాత నీళ్ళలో మిగిలిన ఒక్క 240 రవ 1500 దగ్గర పెద్ద గీత గీస్తుంది.

ఒక నంబరు పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

పూర్తిగా ఆరబెట్టి చూడండి. తడి ఉన్నంతసేపు ప్రతి ఉపరితలమూ అందంగానే కనిపిస్తుంది. తర్వాత టార్చి లైటును పక్క నుంచి ఏటవాలుగా వేయండి, దాక్కున్న గీతలన్నీ నీడలతో లేచి నిలబడతాయి. మార్కర్ పెన్నుతో మొత్తం మీద అడ్డదిడ్డంగా గీసి, తర్వాతి కాగితంతో రుద్దడం మరో మంచి పద్ధతి. ఎక్కడ సిరా మిగిలిందో అక్కడ పల్లం ఉంది, కాగితం ఇంకా తగల్లేదు.

పాలిష్ బార్లు రకరకాల రంగుల్లో ఉన్నాయి. ఏది దేనికి?

యంత్రం చక్రానికి రుద్దే గట్టి కడ్డీలను పాలిష్ బార్లు అంటున్నాను. గోధుమరంగు ట్రిపోలీ కోసే రకం. అల్యూమినియం, ఇత్తడి, రాగికి మొదటి దశలో వాడతారు. అందులో సిలికా ఉంటుంది, మాస్కు లేకుండా వాడకూడదు. తెల్లది సాధారణంగా అల్యూమినియం ఆక్సైడ్, చివరి మెరుపుకు వాడతారు. ఆకుపచ్చది క్రోమియం ఆక్సైడ్, స్టెయిన్‌లెస్ స్టీలుకు బాగా పనిచేస్తుంది. ఎర్రది ఐరన్ ఆక్సైడ్, కంసాలి పనిలో బంగారం, వెండికి వాడే రకం. ఈ రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే కావు, కొనేటప్పుడు పెట్టె మీద ఏ లోహానికో చదవండి.

ఒక నియమం మాత్రం మారదు. ఒక చక్రానికి ఒకే బారు. గోధుమరంగు పూసిన చక్రానికి తర్వాత తెల్లది పూస్తే ముతక పొడే గెలుస్తుంది. చక్రాల పక్కన రంగు పేరు రాసిపెట్టుకోండి, విడివిడి సంచుల్లో దాచండి.

ఏ యంత్రం కొనాలి? డ్రిల్లు మీద చేయవచ్చా?

చిన్న భాగాలకు డ్రిల్లు చాలు. నిమిషానికి 2800 చుట్లు తిరిగే డ్రిల్లుకు 3 అంగుళాల నూలు చక్రం బిగిస్తే అంచు దగ్గర వేగం నిమిషానికి సుమారు 670 మీటర్లు ఉంటుంది. అదే వేగంతో తిరిగే బెంచ్ గ్రైండర్‌కు 6 అంగుళాల చక్రం బిగిస్తే 1340 మీటర్లు, 8 అంగుళాలదైతే దాదాపు 1790. చక్రం పెద్దదైనకొద్దీ పని త్వరగా అవుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. డ్రిల్లును చేత్తో పట్టి వస్తువును బల్లకు బిగించండి. రెండూ చేతుల్లో పట్టుకుని చేయవద్దు.

చేతి గ్రైండర్ గురించి గట్టిగా చెప్పాలి. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగం కోసం చేయని నూలు చక్రాన్ని దానికి బిగిస్తే చక్రం చీలి ముక్కలు ఎగురుతాయి. వేగం తగ్గించుకునే వీలున్న గ్రైండర్ అయితేనే, ఆ వేగానికి తగిన చక్రంతోనే వాడండి. రక్షణ కవచం తీసేసి పెద్ద చక్రం బిగించే అలవాటు కొన్ని వర్క్‌షాపుల్లో కనిపిస్తుంది, దాన్ని నేర్చుకోవద్దు.

బఫ్ చక్రం (మెరుగు పెట్టే నూలు చక్రం) ప్రమాదకరమంటారు, మెత్తని గుడ్డే కదా?

గుడ్డ కాబట్టే ప్రమాదం. రాతి చక్రం వస్తువును అరగదీస్తుంది, గుడ్డ చక్రం పట్టుకుంటుంది. కవర్ అంచో, రంధ్రమో చిక్కితే క్షణంలో మీ చేతిలోంచి లాగి నేలకేసి కొడుతుంది, లేదా మీ మీదికే విసురుతుంది.

చక్రం పైనుంచి కిందికి మీ వైపుగా తిరగాలి. వస్తువును చక్రం మధ్యరేఖకు కింద, ముందువైపు ఆనించండి. పొరపాటున చేయి జారినా వస్తువు కిందికి పోతుంది, ముఖం మీదికి రాదు. అంచుల దగ్గర చక్రం వస్తువు మీది నుంచి బయటికి జారిపోవాలి. బయటి నుంచి అంచును ఢీకొనకూడదు. అంటే ఒక సగం చేశాక వస్తువును తిప్పి పట్టుకుని రెండో సగం చేయాలి. కింద నేల మీద పాత పరుపు గానీ, మందపాటి గోనెలు గానీ పరచండి, జారిన వస్తువు సొట్టపోదు.

చీర కొంగు, చున్నీ, వేలాడే చొక్కా చేతులు, పొడవాటి జుట్టు, మెడలో గొలుసు, చేతికి కంకణం, ఉంగరం ఏవీ చక్రం దగ్గర ఉండకూడదు. వదులు నూలు గ్లౌజులు అసలే వద్దు, చక్రం గుడ్డను పట్టి వేలిని కూడా లాక్కుంటుంది. వస్తువు కాలుతుంటే ఆపి నీళ్ళలో ముంచండి. సన్నని పలకలకు, పట్టీలకు వెనుక చెక్క ముక్క దన్నుగా పెట్టండి. గొలుసులు, తీగలు యంత్రం మీద ఎప్పుడూ పెట్టవద్దు, అవి వేళ్ళకు చుట్టుకుంటాయి. పక్కన ఎవరూ నిలబడకూడదు, పిల్లలు ఆ గదిలోకే రాకూడదు.

అల్యూమినియం ధూళి మండుతుందంటారు, నిజమేనా?

నిజం. సన్నని అల్యూమినియం పొడి గాలిలో తేలుతూ నిప్పు తగిలితే పేలుతుంది. ఇంటి పనిలో అంత పొడి గాలిలోకి లేవడం అరుదే కానీ ఇంకో ప్రమాదం ఉంది. ఒకే గ్రైండర్ మీద ఒకరోజు అల్యూమినియం, మరోరోజు ఇనుము చేస్తే కవచం లోపల పేరుకున్న అల్యూమినియం పొడి మీద ఇనుము నిప్పురవ్వలు పడతాయి. ఇనుప తుప్పు, అల్యూమినియం పొడి కలిసిన మిశ్రమం విపరీతమైన వేడితో మండుతుంది, రైలు పట్టాలను అతికించడానికి వాడేది ఈ చర్యనే. అందుకని లోహం మార్చే ముందు యంత్రాన్ని పూర్తిగా తుడవండి. ఒకవేళ అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, పొడి ఇసుక నెమ్మదిగా కప్పాలి. దగ్గర్లో ఒక బకెట్ ఇసుక ఉంచుకోండి.

తడి అల్యూమినియం ముద్దను మూతపెట్టిన సీసాలో దాచవద్దు. నీటితో చర్య జరిగి హైడ్రోజన్ చేరుతుంది. పాత పేపరు మీద ఆరుబయట ఆరబెట్టి పారేయండి. ఇత్తడిలో కొన్ని రకాలకు కాస్త సీసం కలుస్తుంది, కాబట్టి చేతులు కడుక్కోకుండా తినడం, తాగడం మానండి.

మెరుపు వచ్చింది కానీ నల్లటి చారలు మిగిలాయి. ఎందుకు?

రుద్దేటప్పుడు నలుపు రావడం సహజం, అది పాలిష్‌లో కలిసిన లోహమే. చారలు మిగిలాయంటే చక్రానికి బారు ఎక్కువ పూశారు, లేదా చక్రం పాత జిడ్డుతో గట్టిపడింది. తిరుగుతున్న చక్రానికి పాత రంపపు బ్లేడు పళ్ళ వైపును, మధ్యరేఖకు కింద, తేలికగా ఆనిస్తే పొరలు రాలి చక్రం మళ్ళీ గుల్లబారుతుంది. బారును ఒకటి రెండు సెకన్లే తాకించండి. తక్కువగా, తరచుగా పూయడం మేలు.

చేతి కదలికలోనూ తేడా ఉంది. చక్రం తిరిగే దిశకు ఎదురుగా కాస్త నొక్కి జరిపితే లోహం కోసుకుపోతుంది. దిశతోపాటు తేలికగా జరిపితే మెరుపు తేలుతుంది. ప్రతి చోటునూ మొదట కోసి, చివర్లో మెరుపు తెప్పించి వదలాలి.

మిగిలిన జిడ్డు మసకకు వేడి నీళ్ళు, గిన్నెల సబ్బు, మెత్తని బ్రష్ సరిపోతాయి. ఆరాక కాస్త మొక్కజొన్న పిండి చల్లి శుభ్రమైన నూలు గుడ్డతో రుద్దండి. పిండి జిడ్డు పీల్చుకుని మెరుపు తేటపడుతుంది.

ఉపరితలం నారింజ తొక్కలా అలలుగా కనిపిస్తోంది.

ఒకే చోట ఎక్కువసేపు నొక్కిపట్టి బఫ్ చేసినప్పుడు మెత్తని లోహం కదిలిపోతుంది. పాలిష్‌తో అది పోదు, ఇంకా పెరుగుతుంది. దిమ్మకు 600 కాగితం చుట్టి మళ్ళీ చదును చేసుకుని రావాలి.

గుంటలు ఎంత రుద్దినా పోవడం లేదు.

సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ వంటి ఊళ్ళలో నిలబెట్టిన బండ్ల అల్యూమినియానికి ఉప్పు వల్ల గుంటలు పడతాయి. ఒక్క గుంట చోటే రుద్దితే అక్కడ గిన్నెలాంటి లోతు ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న లోహమంతటినీ గుంట అడుగు దాకా దించాలి. అది మిల్లీమీటరులో పదో వంతు అయితే సరే. అంతకంటే లోతైతే కొన్ని గుంటలను వదిలేయడమే తెలివి, పోత కవర్ గోడలు అంత మందంగా ఉండవు.

ఇంకోటి గమనించండి. కొన్ని పోత భాగాల్లో రుద్దినకొద్దీ కొత్త గుంటలు బయటపడతాయి. అవి పోత పోసినప్పుడే లోపల మిగిలిన గాలి బుడగలు. ఒత్తిడితో పోసే అల్యూమినియం మిశ్రమాల్లో సిలికాన్ ఎక్కువ, వాటికి మెరుపు కాస్త బూడిద ఛాయలోనే ఆగుతుంది. అది మీ పనిలో లోపం కాదు.

ఇత్తడికి చింతపండు మంచిదా, పాలిష్ మంచిదా?

రెండూ వేరువేరు పనులు చేస్తాయి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం పైనున్న ఆక్సైడ్ పొరను కరిగిస్తాయి, గీతలను తీయవు. ఉప్పు కలిపితే పని వేగంగా అవుతుంది. రోజూ వాడే చెంబులు, దీపపు కుందులకు అదే సరైనది. పీతాంబరి వంటి పొడులు కూడా ఈ పనికే. అయితే పులుపును గంటల తరబడి నానబెట్టవద్దు. ఇత్తడి అంటే రాగి, జింకు. ఆమ్లం జింకును ముందుగా లాగేస్తుంది, మిగిలిన రాగి ఎర్రటి మచ్చలుగా తేలుతుంది. రుద్దిన వెంటనే బాగా కడిగి, తడి లేకుండా తుడిచేయాలి. ఇటుక పొడి మాత్రం మానండి, ఏళ్ళ తరబడి వాడితే చెక్కడాలన్నీ అరిగిపోతాయి.

తలుపు గొళ్ళెంలా, కుళాయిలా చదునైన భాగం అద్దంలా రావాలంటే పైన చెప్పిన కాగితాల వరుసే దారి. ఇత్తడి అల్యూమినియం కంటే కాస్త గట్టిది, గీతలు త్వరగా పడవు. చివర్లో బ్రాసో వంటి ద్రవం చేత్తో రుద్దితే చాలు. అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలను వంచి, సాగదీసి చేసిన ఇత్తడి భాగాల మీద నిలవనీయవద్దు. బ్రిటిష్ పాలనలో మన దేశంలో వానకాలం గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గొట్టాల తయారీలో లోహంలో మిగిలిన ఒత్తిడి, రెండూ కలిసి ఆ పని చేస్తున్నాయని 1921లో తేలింది.

ఇంటి చిట్కాలను అల్యూమినియం మీద ప్రయోగించవద్దు. బూడిద, చాకలి సోడా వంటి క్షారాలు దాన్ని నల్లబరుస్తాయి.

స్టీలు మెరుగు అల్యూమినియం కంటే ఎందుకు కష్టం?

గట్టిది కాబట్టి ప్రతి మెట్టుకూ ఎక్కువ సమయం పడుతుంది. వేడిని త్వరగా వదలదు కాబట్టి యంత్రం మీద నొక్కితే నీలం, గోధుమ రంగులు తిరుగుతుంది. ఆకుపచ్చ బారు, తేలిక చేయి, మధ్యమధ్య విరామం కావాలి. ఇనుప పీచుతో ఎప్పుడూ రుద్దవద్దు, దాని ముక్కలు స్టీలులో చిక్కి తుప్పు చుక్కలవుతాయి. ఎంత మెరిసినా స్టీలు అద్దం అల్యూమినియం అద్దమంత తెల్లగా ఉండదు. మెరుగు పెట్టిన అల్యూమినియం తన మీద పడ్డ కాంతిలో దాదాపు 90 శాతం తిప్పి పంపితే స్టెయిన్‌లెస్ స్టీలు 60 శాతం దగ్గరే ఆగుతుంది.

సన్నని నిలువు గీతలతో వచ్చే స్టవ్ పలకలను, లిఫ్టు తలుపులను అద్దంలా మార్చాలని చూడవద్దు. ఆ గీతల దిశలోనే మెత్తగా తుడవాలి.

క్రోమ్ మీద తుప్పు చుక్కలు వచ్చాయి. కాగితం పెట్టవచ్చా?

వద్దు. అలంకారపు క్రోమ్ పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండకపోవచ్చు, దాని కింద నికెల్ ఉంటుంది. ఏ కాగితమైనా దాన్ని త్వరగా దాటిపోతుంది. అల్యూమినియం రేకును ఉండలా నలిపి, నీళ్ళలో తడిపి మెల్లగా రుద్దండి. క్రోమ్ కంటే మెత్తనిది కాబట్టి గీత పడదు, పైపై తుప్పు పోతుంది. తర్వాత తుడిచి మైనం రాయండి. పొర లేచిపోయి ఉంటే మళ్ళీ పూత వేయించడం తప్ప ఇంట్లో మార్గం లేదు.

బోల్టులు, నట్లు కూడా మెరిపించవచ్చా?

జింకు పూత ఉన్నవాటిని రుద్దితే పూత పోయి మొదటి వానకే తుప్పు పడతాయి. వాటిని శుభ్రం చేసి వదిలేయండి.

మెరుపు ఎన్నాళ్ళు నిలుస్తుంది? లక్కర్ కొట్టాలా?

అల్యూమినియం మీద గాలి తగిలిన క్షణాల్లోనే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది కొన్ని నానోమీటర్లే కాబట్టి కంటికి అడ్డు రాదు. మసక తెచ్చేవి వాన, రోడ్డు బురద, ఉప్పు, వేలిముద్రలు. హైదరాబాద్‌లో పొడి వాతావరణంలో నీడన ఉండే బండికి నెలల తరబడి ఉంటుంది. తీరప్రాంతంలో వానకాలంలో కొన్ని వారాలకే చేయి పెట్టాల్సి వస్తుంది.

ఇంజిన్ భాగాలకు లక్కర్ వద్దని నా అభిప్రాయం. వేడికి పసుపుబారుతుంది, ఒక చోట చిప్ లేస్తే దాని అడుగున తడి చేరి పురుగు తొలిచినట్టు తెల్లటి దారులు పాకుతాయి, అప్పుడు మొత్తం తీసి మళ్ళీ మొదటికి రావాలి. కార్నోబా మైనం పలుచగా రాసి, మసకబారినప్పుడల్లా పేస్టుతో పది నిమిషాలు రుద్దుకోవడమే సుఖం. ఇంటి లోపల ఉండే ఇత్తడి అలంకార వస్తువులకు మాత్రం లక్కర్ బాగా పనికొస్తుంది, వేడి తగిలే దీపాలకు కాదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను, చోటు లేదు.

తడి కాగితం, చేతి పాలిష్ అయితే బాల్కనీ చాలు. శబ్దం ఉండదు, ధూళి లేవదు. ఆ నీళ్ళను సింకులో పోయకుండా ఒక రాత్రి మూత లేని బకెట్‌లో తేరనిచ్చి, పైనీరు వంపి, అడుగు ముద్దను కాగితంలో ఆరబెట్టి చెత్తలో వేయండి. యంత్రం పెట్టే ఆలోచన మాత్రం అపార్ట్‌మెంట్‌లో వద్దు.

ఎప్పుడు బయట బఫింగ్ చేసేవారికి ఇవ్వాలి?

చక్రాల వంటి పెద్ద భాగాలు, లోతైన మూలలున్నవి, మళ్ళీ పూత అవసరమైనవి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. ఏ అంచులు పదునుగా ఉండాలో, ఏ ఉపరితలాలు ముట్టుకోకూడదో, ఉబ్బెత్తు అక్షరాలు అరగకూడదని. గ్యాస్కెట్ అంచులకు, ఆయిల్ దారులకు, మరలకు మందపాటి టేపు మీరే అంటించి ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్నాక బిగించే ముందు ప్రతి రంధ్రాన్నీ కిరోసిన్‌తో, ఆ తర్వాత సబ్బు నీళ్ళతో కడిగి, గాలి ఊది ఆరబెట్టండి. ఆయిల్ దారిలో మిగిలిన పాలిష్ పొడి ఇంజిన్ లోపల కూడా అదే అరగదీసే పని చేస్తుంది.